నేల ఒప్పుకోని నిద్ర

నాకు నిద్ర ఎక్కడైనా పడుతుంది. బస్సు కిటికీ ఊచకు తల ఆనిస్తే చాలు, ఖమ్మం ఎప్పుడు దాటిందో, అడవి ఎక్కడ మొదలైందో తెలియదు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న సామెత నన్ను చూశాకే పుట్టి ఉంటుందని మా ఆయన ఎక్కిరిస్తాడు. ఎక్కిరించనీ. పడుకోగానే నిద్ర పట్టడం ఎంత అదృష్టమో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు, మంచె మీది తాతను చూసేదాకా.

మా ఇల్లు ఖానాపురం హవేలిలో. నా నర్సు ఉద్యోగం భద్రాచలం వైపు, అడవి అంచు ఊళ్ళలో. వారమంతా అక్కడే ఒక కిరాయి గదిలో ఉంటాను. శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి, సోమవారం తెల్లవారుజామున మళ్ళీ బస్సెక్కుతాను. సగం నిద్రలో చూసిన దారి కాబట్టి అది నా మనసులో ఎప్పుడూ ముక్కలుగానే ఉంటుంది. మిరప ఘాటుకు తుమ్మి కళ్ళు తెరిస్తే మార్కెట్ యార్డుకు పోతున్న బస్తాల లారీ. మూసి తెరిస్తే పామాయిల్ తోటల నీడ. ఇంకోసారి తెరిస్తే టేకు ఆకుల మీద మంచు, రోడ్డుకు అడ్డంగా తీరిగ్గా నడిచే మేకలు. వీటిలో ఏది నిజంగా చూశానో ఏది కలగన్నానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. కండక్టరు వచ్చి భుజం తడితే దిగేదాన్ని.

బీపీ, గుండె జబ్బులున్న పెద్దవాళ్ళను ఇళ్ళకు వెళ్ళి చూసి రావడం నా పని. స్కూటీ మీద ఊరూరా తిరగాలి. బీపీ చూడాలి, కాళ్ళ వాపు వేలితో నొక్కి చూడాలి, మాత్రలు వేసుకుంటున్నారో లేదో అడగాలి, వేసుకోకపోతే కేకలెయ్యాలి. కేకలెయ్యడం నాకు బాగా వచ్చు. సూదుల సంచీ కంటే నా నోటికే ఎక్కువ భయపడతారని ఆ ఊళ్ళలో పేరు.

ఆ తాతను చూడకముందే ఆయన సంగతి విన్నాను. తారురోడ్డు ఆగిపోయే చోట ఒక చిన్న పల్లె ఉంది. ఇళ్ళ వరస దాటితే చేలు, చేలు దాటితే అడవి. తాతకు అక్కడ కాస్త మక్కచేను, కాస్త పత్తిచేను ఉన్నాయి. మక్కచేను మధ్య నాలుగు గుంజలు పాతి, కర్రలు పరిచి, పైన తాటాకు కప్పి మంచె కట్టుకున్నాడు. దసరా తర్వాత నుంచీ రాత్రుళ్ళు ఆయన నిద్ర ఆ మంచె మీదే. అడవి పందులకు ఆయన సింహస్వప్నమనీ, ఈ వయసులో కూడా అంత కావలి ఎవరు కాస్తారనీ ఊరంతా మెచ్చుకునేది. ఫోన్ చూసుకుంటూ మంచం దిగని కుర్రాళ్ళను తిట్టాల్సి వస్తే ఆయన్నే చూపించి తిట్టేవాళ్ళు. ట్రాక్టర్ మీద పామాయిల్ గెలలు అశ్వారావుపేటకు తోలే ఆయన కొడుకు కూడా, మా నాయన ఉన్నంతసేపు చేను దిక్కు చూసే పని లేదని గర్వంగా చెప్పుకునేవాడు.

బడి వరండాలో మా ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడు తాత మొదటిసారి నా ముందు కూర్చున్నాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, పాదాలు మాత్రం బొద్దుగా ఉన్నాయి. నొక్కితే నా వేలి గుంట అట్లాగే నిలబడింది. ముల్లు గుచ్చుకుందని చెప్పాడు. రెండు పాదాలకూ ఒకేసారి ముల్లు గుచ్చుకుందా అంటే నవ్వి, మంచె మీద కాళ్ళు వేలాడేసి కూర్చుంటాను కదా, అందుకేమో అన్నాడు. ఆ రోజు వచ్చిన డాక్టరు వయసులో చిన్నవాడు, ఓపిక గలవాడు. గుండె జబ్బు మనిషిని అడగవలసిన ప్రశ్నలన్నీ వరసగా అడిగాడు. రాత్రి పడుకునేటప్పుడు తల కింద దిండ్లు ఎన్ని పెట్టుకుంటావు అని కూడా అడిగాడు. గుండె నీరసపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే చదునుగా పడుకోలేరు, ఒకటి, రెండు, మూడు అని దిండ్లు పెరుగుతూ పోతాయి. మాకు చదువుల్లో నేర్పే ప్రశ్న అది.

“నాకు దిండు అలవాటే లేదు సారూ,” అన్నాడు తాత.

డాక్టరు సంతోషించాడు. బీపీకి మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమని చెప్పి, ఖమ్మం వెళ్ళి గుండె పరీక్ష చేయించుకొమ్మన్నాడు. తాత సరేనని లేచాడు. లేచి నాలుగు మాటలు మాట్లాడటానికి మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆ ఆగడం నా చెవిలో ఉండిపోయింది.

కొద్ది రోజుల తర్వాత ఆయన ఇంటికి వెళ్ళాను. పరీక్షకు వెళ్ళనే లేదు. తాత భార్య, పెద్దామె, ఒక్కతే వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తాత ఎక్కడ అంటే చేను వైపు గడ్డం ఎగరేసి చూపించింది. నాకు పీట వేసి, నీళ్ళిచ్చి, ఏమీ అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇద్దరూ ఎంత తిట్టుకున్నా పక్కపక్క మంచాలే. ఎండాకాలం వాకిట్లో, వానాకాలం వసారాలో. మాట్లాడుకోని రోజుల్లో కూడా మంచాలు దూరం జరిగింది లేదు. అట్లాంటిది దసరా నుంచీ ఆయన ఇంట్లో పడుకోవడం లేదు. కంకులున్నప్పుడు సరే అనుకుంది. కంకులు విరిచారు, అమ్మారు, చొప్ప కూడా కోసి పశువులకు వేశారు. చేనులో ఇప్పుడు మన్ను తప్ప ఏమీ లేదు. అయినా పొద్దుగూకితే దుప్పటి భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు.

“ఉత్త చేనుకు కావలి ఏందమ్మా?” అంది. “ముసలిదాన్నయిన. నా పక్కన పండుకోబుద్ధి అయితలేదేమో.”

నవ్వుతూనే అంది. అంటూనే చింతగింజను అవసరానికి మించి గట్టిగా విసిరింది. నాకు చాలా బాధేసింది. ఆ వయసులో అట్లాంటి మాట పరాయిదానితో చెప్పుకోవాలంటే లోపల ఎంత దాచుకుని ఉండాలి?

లేచి చేనుకు నడిచాను. ఇప్పపూలు రాలే రోజులవి. గాలి నిండా ఆ తియ్యటి మత్తు వాసన. నాకు మామూలుగానే నిద్ర, ఆ వాసనకు కళ్ళు ఇంకా బరువెక్కాయి. ఎర్రటి ఖాళీ చేను, మధ్యలో ఒంటరిగా మంచె, దాని వెనక పొగమంచులో అడవి. నేల మీద ఆనకుండా గాల్లో తేలుతున్నట్టు కనిపించింది ఆ మంచె. దగ్గరికి వెళ్ళి తల ఎత్తి చూస్తే తాత గుంజకు వీపు ఆనించి, కాళ్ళు వేలాడేసి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. పడిపోకుండా తువ్వాలతో తన నడుమును గుంజకు కట్టేసుకున్నాడు.

ఆ తువ్వాల ముడి చూడగానే నాకు అంతా తెలిసిపోయింది. దిండు అలవాటు లేని మనిషిని దిండ్లు ఎన్ని అని అడిగితే ఏం తెలుస్తుంది? ఈయనకు గుంజే దిండు. అన్ని నెలలుగా ఊరు కావలి అనుకున్నది కావలి కాదు. పెద్దామె అలక అనుకున్నది అలకా కాదు. పడుకుంటే ఊపిరి ఆడక, ఆ సంగతి ఎవరికీ చెప్పక, మనిషి కూర్చునే తెల్లవార్చుకుంటున్నాడు.

పిలిచాను. ఉలిక్కిపడి లేచి, పందులొచ్చాయి తోలుతున్నానన్నాడు. మన్ను తినే పందులు ఎప్పటి నుంచి వచ్చాయి తాతా అన్నాను. నిచ్చెన ఎక్కాను. నేను బరువైన మనిషిని, మంచె కిర్రుమంటే ఆయన నవ్వాడు. పక్కన కూర్చుని, నా ముందు ఒక్కసారి వెల్లకిలా పడుకోమన్నాను. పడుకోనన్నాడు. కేకలేశాను. నా పోరు పడలేక తువ్వాల విప్పి పడుకున్నాడు. కాసేపైనా కాలేదు, రొప్పుతూ లేచి గుంజను పట్టుకున్నాడు. దగ్గు, నుదుటి మీద చెమట. వీపు నిమురుతూ ఊపిరి కుదుటపడేదాకా పట్టుకుని కూర్చున్నాను. షర్టు కింద ఎముకలు నా చేతికి తగిలాయి.

“పండుకుంటే నేల ఒప్పుకుంటలేదు సిస్టరమ్మా. లేవ్, లేవ్ అంటది,” అన్నాడు.

నేల కాదు తాతా, నీ గుండె అలసిపోయిందని చెప్పాను. నీళ్ళ బిందె నిలబెడితే నీళ్ళు అడుగునే ఉంటాయి, పడుకోబెడితే మూతిదాకా వస్తాయి. నీ ఛాతీలో జరుగుతున్నదీ అంతే, మందులతో ఆ నీళ్ళు తగ్గించవచ్చు అన్నాను. శ్రద్ధగా విన్నాడు. తర్వాత అడవి వైపు చూస్తూ, అసలు భయం అప్పుడు బయటపెట్టాడు. వాళ్ళలో పోయే ప్రాణాన్ని మంచం మీద ఉంచరు. నేల తుడిచి, నీళ్ళు చల్లి, కిందికి దించి వెల్లకిలా పడుకోబెడతారు. మంచం మీద పోతే దోషమంటారు. ఆయన తండ్రినీ, అన్ననూ అట్లాగే దించారు. అన్నను దించేటప్పుడు ఒక చెయ్యి ఈయనదే.

“మా అన్న కూడ నా లెక్కనే కూసోని కూసోని ఉండెటోడు. కింద పండబెట్టినంక ఎట్ల కొట్టుకున్నడో నేను చూసిన,” అన్నాడు. “నాకు చావంటే భయం లేదు. గట్ల పండబెడతరనే భయం. నన్ను కూసోబెట్టే పంపియ్యమని చెప్పు సిస్టరమ్మా. మా ముసల్దానికి మాత్రం చెప్పకు. చెప్తే అది పండుకోదు.”

అందుకే నేలకు అందనంత ఎత్తున మంచె మీద ఉంటున్నాడు ఆయన. ఏడుపు వచ్చేటప్పుడు నాకు ముందు కోపం వస్తుంది. పోయే మాట తర్వాత, ముందు మంచె దిగు అని కసిరాను. దిగాడు.

కొడుక్కి ఫోన్ చేశాను. ఆ పూటే డాక్టరు చూసి ఖమ్మం పంపించారు. గుండె కొట్టుకునే బలం బాగా తగ్గిందని పరీక్షల్లో తేలింది. ఆ శనివారం ఇంటికి వెళ్తూ దవాఖానాలో ఆగి చూశాను. అక్కడి మంచానికి కాళ్ళ వైపు ఒక మర ఉంటుంది, తిప్పితే తల వైపు లేస్తుంది. తాత ఆ మంచం మీద సగం కూర్చుని, ఒంట్లో నీరు దిగి, కళ్ళు తేటపడి ఉన్నాడు. ఈ మంచం చెప్పిన మాట వింటుందని తెగ మురిసిపోయాడు. పెద్దామె పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన కాళ్ళు చూస్తోంది. అలక కాదని ఆమెకు అప్పటికే అర్థమైంది. అర్థమైన సంగతి ఆయనకు తెలియనివ్వకుండా, ఇంట్లో కోళ్ళు ఏమయ్యాయో అని గొణుగుతోంది.

తాతను ఇంటికి పంపారు, అక్కడ మర తిప్పే మంచం లేదు కదా. నేనే ఉపాయం చేశాను. వసారా మూలన ఆ ఏటి చివరి తీత పత్తి, వానకు తడిసి మరకపడి ఎవరూ కొననిది, ఒక పెద్ద గోనెసంచి బోరెంలో కుక్కి ఉంది. తాత నులక మంచానికి తల వైపు మంచంకోళ్ళ కింద ఇటుకలు పెట్టించాను. గోడకు ఆనించి ఆ పత్తి బోరేన్ని ఏటవాలుగా నిలబెట్టి, జారకుండా తాడుతో కట్టాను. మనిషి కిందికి జారిపోకుండా మోకాళ్ళ కింద పాత చీర చుట్టి పెట్టాను. తాత ఎక్కి వాలాడు. అటూ ఇటూ కదిలి, తల ఆనించి, కళ్ళు మూసుకుని పొడుగ్గా ఊపిరి వదిలాడు. మామ రాజు లెక్క కూర్చున్నాడని కోడలు నవ్వింది. పెద్దామె తన మంచాన్ని లాక్కొచ్చి, కోడుకు కోడు తగిలేలా పక్కన వేసింది.

అప్పటి నుంచీ వారానికోసారి ఆ ఇంటికి వెళ్ళడం అలవాటైంది. నీరు లాగే మాత్ర పొద్దున్నే వేసుకోవాలి, సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేవాల్సి వస్తుంది. తాగే నీళ్ళకు ఒక చెంబు కొలత పెట్టాం. నేను తీసుకెళ్ళే తూకం మీద నిలబెడితే బరువు తగ్గుతూ వచ్చింది. పెద్దామెకు అది నచ్చలేదు. మనిషి చిక్కిపోతుంటే సంబరమేందని నన్నే అడిగింది. ఆ తగ్గింది కండ కాదు, నీరు అని నచ్చజెప్పడానికి చాలా రోజులు పట్టింది. ఉప్పు దగ్గర తాత పెట్టిన పేచీ అంతా ఇంతా కాదు. ఉప్పూ కారం తినే మనిషిని కానా నేను అని రోషపడితే, ఇకనుంచి కారమొక్కటే తిను అన్నాను. నిమ్మరసం పిండితే పప్పు కాస్త దిగుతుందని కోడలు కనిపెట్టింది. అయినా నేను వచ్చే రోజు తప్ప మిగతా రోజుల్లో పచ్చడి జాడీ కదిలేదని నాకు తెలుసు. జాడీ కదిలిందా లేదా అన్నది తాత చీలమండలే చెప్పేసేవి.

వెళ్ళినప్పుడల్లా మేం చేసే పని ఇంకొకటి ఉండేది. పాదాల్లో వాపు తగ్గి, ఊపిరి బాగుంటే, బోరెం మూతి విప్పి కాస్త పత్తి తీసేసేవాళ్ళం. బోరెం ఆ మేరకు కుంగేది, తాత ఆ మేరకు కిందికి వాలేవాడు. ఆ వాలు మీద నిద్ర పట్టిందో లేదో తర్వాతి వారం అడిగేదాన్ని. పట్టిందంటే ఇంకో గుప్పెడు తీసేవాళ్ళం. తీసిన పత్తిని పెద్దామె గింజలు ఒలిచి, పాదం మీద దువ్వి, వత్తులు చేసేది. దీపం గూట్లో వత్తుల కట్ట పెరుగుతుంటే తాతకు బాగవుతున్నట్టు. ఆ వానాకాలం గడిచేసరికి గూడు నిండిపోయింది, ఆమె ఇరుగుపొరుగులకు కూడా పంచింది.

ఒక మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. సన్నటి ముసురు. తాత అరుగు మీద కూర్చుని గాలి పీల్చుకుంటున్నాడు. బోరెం ఎంత కుంగిందో చూద్దామని నేను ఆ మంచం మీద కూర్చుని వెనక్కి వాలాను. అంతే, నిద్రపోయాను. కలలో ఆ ఊరి వాళ్ళంతా చేల నిండా పత్తి బోరేలు వేసుకుని వాలి ఉన్నారు. కొండలు కూడా వాలే ఉన్నాయి. వాన పడుతున్నా ఎవరూ తడవడం లేదు. కళ్ళు తెరిస్తే నా మీద ఎవరో దుప్పటి కప్పారు. తాత, పెద్దామె అరుగు మీద గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఎందుకా గుసగుస అని చెవి పెడితే, సిస్టరమ్మ లేస్తది, మెల్లగ అనవే, అంటున్నాడాయన. ఏ ఇంట్లోనూ నాకు అంత హాయి నిద్ర పట్టలేదు. సిగ్గుపడుతూ లేచి, సంచీ సర్దుకుని, ఉప్పు గురించి అనవసరంగా ఒక కేక వేసి వచ్చేశాను.

చలికాలం మొదలయ్యాక జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. మందులు పెంచారు, ఖమ్మం ఇంకోసారి తీసుకెళ్ళారు. అలసిపోయిన గుండె ఎన్నాళ్ళు సాగుతుందో చెప్పలేమని డాక్టరు కొడుక్కి నెమ్మదిగా చెప్పాడు. ఇంకోసారి దవాఖానాకు తీసుకుపోవద్దని తాత కచ్చితంగా అన్నాడు. ఇప్పుడు బోరెంలోంచి తీయడం లేదు, నింపుతున్నాం. కొత్త పత్తి వచ్చింది, తెల్లగా మరక లేనిది. అమ్మకానికి పోవలసిన దాన్ని పెద్దామె దోసిళ్ళతో తెచ్చి బోరెంలో కుక్కేది. అమ్ముకోవే అంటాడాయన. నోరు మూసుకుని వాలు అంటుంది ఆమె.

కొడుకును పక్కకు పిలిచి తాత భయం సంగతి చెప్పాను. అతను ట్రాక్టర్ టైరును కాలితో తంతూ నిలబడ్డాడు. నాకు పర్వాలేదు సిస్టర్, కానీ ఊరు ఊకుంటుందా, పాలివాళ్ళు ఊకుంటారా అన్నాడు. నాయనను మంచం మీద పోనిచ్చాడన్న మాట తన మీద పడుతుందని అతని బాధ. అతన్ని తప్పుపట్టలేకపోయాను. నేను సర్కారు నర్సును. మాత్ర మింగించడానికి కేకలెయ్యగలను కానీ, వాళ్ళ చావు ఎట్లా జరగాలో చెప్పడానికి నేనెవరిని? తర్వాతి వారం తాత కళ్ళతోనే అడిగాడు, చెప్పావా అని. చెప్పాను అన్నట్టు తల ఊపాను. ఏమన్నాడు అని ఆయన అడగలేదు.

మళ్ళీ ఇప్పపూలు రాలుతున్న రోజుల్లో, ఒక ఉదయం కొడుకు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. తాత బోరేనికి వాలి ఉన్నాడు, దాదాపు నిటారుగా. పెదవులు నీలం, వేళ్ళు చల్లబడ్డాయి, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ. డాక్టరు వచ్చి చూసి, చెయ్యగలిగింది చేసి, ఇక బాధ లేకుండా చూసుకోమని చెప్పి వెళ్ళాడు. తడి గుడ్డతో పెదవులు తుడుస్తూ నేను మంచం పక్కన కూర్చున్నాను. మాట లేదు కానీ కళ్ళలో తెలివి ఉంది.

పాలివాళ్ళలో పెద్దాయన ఒకాయన, తాతకు తమ్ముడి వరస, గడపలోంచి చూసి, ఇక దించాలన్నాడు. ఎవరో నేల తుడిచారు. నీళ్ళు చల్లారు. గడ్డి పరిచారు. ఇద్దరు మనుషులు వచ్చి తాత చంకల కింద చేతులు పెట్టారు. తాత నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. కొడుకు వైపు చూశాను, అతను తల వంచుకున్నాడు. ఎవరేమనుకున్నా సరే అని నోరు తెరిచాను. నాకంటే ముందు పెద్దామె లేచింది.

“చేతులు తియ్యుండ్రి,” అంది. “కింద పండుకుంటే ఆయనకు ఊపిరాడదు.”

ఇన్నాళ్ళూ ఆ భయం సంగతి ఆమెకు తాతా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పక్క మంచం మీద పడుకుని ఆయన ఊపిరి వింటూ తానే పసిగట్టింది. పెద్దాయన మెత్తగానే నచ్చజెప్పబోయాడు. మంచం మీద పోతే మంచిది కాదు వదినా, నేల తాకాలె గదా, అన్నాడు. ఆమె బయటికి నడిచింది. ఏడవడానికి పోయిందనుకున్నారు అందరూ. చంకల కింద పెట్టిన చేతులు తియ్యలేదు, పైకి ఎత్తనూ లేదు. వసారాలో ఆయన ఊపిరి చప్పుడొక్కటే.

ఆమె తిరిగి వచ్చింది, కొంగు నిండా చేను మన్నుతో. మంచె గుంజల దగ్గరి ఎర్రమన్ను అది. మంచం కాళ్ళ వైపు వంగి, ఆ మన్నును దుప్పటి మీద పోసి, ఆయన రెండు పాదాలూ ఎత్తి దాని మీద ఆనించింది.

“తాకింది. సాలా?” అంది పెద్దాయనతో.

పెద్దాయన కాసేపటికి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. చంకల కింద చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. కొడుకు వచ్చి తండ్రి తల పక్కన కూర్చుని బోరేన్ని ఇంకాస్త పైకి నెట్టాడు. తాత వేళ్ళు మన్నులో కొద్దిగా కదిలాయి. పెద్దామె ఆయన చెయ్యి పట్టుకుని, చేను సంగతేదో చిన్నగా చెబుతూ ఉంది, ఈ ఏడు మక్క వద్దని, పెసలు వేద్దామని. ఎండ గడప దాటి లోపలికి వచ్చేసరికి ఆయన ఊపిరి ఆగిపోయింది. గట్టిగా ఏ చప్పుడూ లేదు. నిద్రలోకి జారే మనిషి ఎట్లా ఆగుతాడో అట్లాగే ఆగాడు. నాడి చూసి, కళ్ళు మూసి, నేను అందరి ముందే ఏడ్చాను.

జరగవలసిన పనులకు మగవాళ్ళు తయారయ్యారు. ఇక పడుకోబెట్టాలి కదా అని ఇద్దరు బోరేన్ని పట్టి లాగబోయారు. పెద్దామె వాళ్ళ చేతులు తోసేసింది. బోరెం మూతి తాడు ముడి తానే విప్పి, నన్ను ఇటువైపు రమ్మంది.

“గుప్పెడు గుప్పెడే తియ్యి సిస్టరమ్మా,” అంది. “ఒక్కసారే పండబెడితే ఉలిక్కిపడతడు.”

ఇద్దరం చెరోవైపు కూర్చుని పత్తి తీశాం. ఆయన మెల్లగా కిందికి వాలాడు.